ఇంటి బయానా, చిట్టి పాట

జూలై 1976, ఆదివారం

ఈ రోజు చిట్టి ఎత్తుకుని, మాదన్నపేటలో చూసిన రెండు గదుల ఇంటికి శుక్రవారంలోగా బయానా ఇద్దామనుకున్నాను. నేను చేసిన పొరపాటేమిటంటే, వారం రోజులుగా దుకాణానికి ఉల్లిగడ్డల కోసం వచ్చిన ప్రతివాళ్లకీ ఆ మాట చెప్పాను. పాటలో ఎవరు ఎక్కువ డబ్బు వదులుకుంటే చిట్టి వాళ్లది. వదులుకున్నది మిగతావాళ్లు పంచుకుంటారు. నాకు అవసరముందని తెలిశాక ఊరుకుంటారా?

నేను ఆరు వందలన్నాను. పక్క దుకాణం యాదయ్య ఏడన్నాడు. నేను ఎనిమిదంటే తొమ్మిదన్నాడు.

“నీకెందుకు యాదన్నా చిట్టి?”

“నాకెందుకు భాయ్! నువ్వు ఇల్లు కొంటున్నవ్ గదా, మాకు జర మిఠాయన్న తినిపియ్యవా?”

అందరూ నవ్వారు. పాట వెయ్యి దాటింది. అతను పన్నెండు వందలు అనగానే నాకు ఒళ్లు మండి నోరు మూసుకున్నాను. చిట్టి అతని మీదే పడింది.

“అరే, పాడు భాయ్! మజాక్ జేసిన!” అని మొత్తుకున్నాడు. ఈసారి అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ లక్ష్మి కూడా కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుని, “మంచిగైంది. మరి మన ఇల్లు?” అంది.

యాదయ్య ముఖం తలుచుకుంటూ వచ్చానే గాని, ఆ సంగతి దారిలో ఒక్కసారీ తట్టలేదు. పొద్దున్నే ఇంటాయన దగ్గరికి వెళ్లి, వచ్చే నెల పాట దాకా ఆగమని అడగాలి. ఎందుకని అడిగితే ఏం చెప్పను...