పాటలో మన సాంచ చప్పుడు

చిరంజీవి వీరేందర్‌కు భివండి నుంచి బాపు దీవెనలు. ఫోన్లో నాకు మాట రాదు, అందుకే కార్డు. పాటలు విడిచి నువ్వూ ఇక్కడికి మరమగ్గాల పనికి వస్తానన్నావని అమ్మ చెప్పింది.

నిన్న చాయ్ హోటల్లో, నాతో పనిచేసే చందుర్తి దేవయ్య మీ జట్టు పదేండ్ల కింద చేసిన మొదటి ర్యాప్ ఆల్బం పెట్టాడు. మీ మాటల వెనక మనం అమ్ముకున్న మరమగ్గం, ఆ పాత సాంచ చప్పుడు వినిపించింది. నాలుగో దెబ్బకు తడబడేది అదొక్కటే.

"గిది మా సాంచనే" అన్నాను.

"మల్ల పెడ్త, ఊకో అన్నా" అన్నాడు.

ఆ సాంచ అమ్మకముందు నువ్వు ఫోన్ పట్టుకొని దాని పక్కన కూర్చుంటే తిట్టాను. ఎందుకో అడగలేదు.

అమ్మ మోకాళ్లకు నూనె తెచ్చావా? ఇంటి రేకులు కురుస్తున్నాయా? కోడలు రాధికకు నా ఆశీస్సులు చెప్పు.

నువ్వు రావద్దు. కొత్త పాటలకు ఇక్కడి సాంచాల చప్పుడు కావాలంటే రాయి, దేవయ్య ఫోన్లో పట్టి పంపిస్తాను.

మీ బాపు ఐలయ్య