పూలుపండ్లకు పంపని చాయపత్తి

మస్కట్

రాజన్నకు నీ చెల్లె సుజాత దండం పెట్టి రాసేది. అవ్వ మోకాళ్ళ నొప్పి ఎట్లున్నది? వదినె బీపీ గోళీలు యాళ్ళకు ఏసుకుంటున్నదా? వరి కోతకొచ్చిందని విన్న. తుపాను వానలు రాకముందే వడ్లు ఇల్లు చేరితే సంతోషం. నేను గీడ మంచిగనే ఉన్న. తిండికి తక్కువ లేదు, పానం మంచిగున్నది, నా గురించి ఫికర్ చెయ్యకున్రి.

నేను ఫోన్ చేస్తే నువ్వు ఎత్తుతలేవు. ఎత్తినా నన్ను మాట్లాడనియ్యవు. మా రూముల ఉండే ఆమె పెనిమిటి సెలవు మీద బెల్లంపల్లికి వస్తుండు. ఆదివారం మంథనికి వచ్చి ఉత్తరం నీ చేతికే ఇస్త అన్నడు. అందుకే రాస్తున్న. మొత్తం చదువు, నడుమల చింపకు.

నా కొలువు మారిన సంగతి నీకు ఎరుకే. మొన్నటిదాక మాల్‌ల నేల తుడిచిన. ఇప్పుడు అదే మాల్‌ల చాయపత్తి దుకాణంల నిలవడ్డ. చాయ హోటల్ కాదన్నా, గాజు సీసాలల్ల రకరకాల ఆకు పోసి తూకానికి అమ్ముతరు. మనకాడ చలి మొదలైతుంటదేమో, గీడ బయట ఎండకు ముఖం కాలుతది, లోపల ఏసీకి చేతి ఏళ్ళు కొంకర్లు పోతయి. వచ్చినోళ్ళకు చిన్న కప్పులల్ల రుచి చూపియ్యాలె. వాళ్ళు అడిగితే చెప్పాలె గదా, అందుకని పొద్దుగాల దుకాణం తెరవంగనే ముందు మేమే తాగాలె. నాకు పని నేర్పేది మాయ. నేపాల్ మనిషి, మాటలు తక్కువ.

మొదటి రోజు మల్లెపూల చాయ ఇచ్చింది. ముక్కుకాడికి తేంగనే పెండ్లింట్ల ఆడోళ్ళందరు ఒక్కకాడ కూసున్నంత వాసన. తాగితే ఆకుకూర ఉడకవెట్టిన నీళ్ళు. పాలు లేవు, శెక్కర లేదు. గులాబి రేకులది వాసనకే తియ్యగ, నాలుకకు ఒగరు. ఇంకోటి నల్లటి ఆకు, కట్టెల పొగ మీద ఆరవెడ్తరట. అది తాగంగనే నా కండ్లెంట నీళ్ళొచ్చినయి. "నచ్చలేదా?" అన్నది మాయ. "మా ఇల్లు యాదికొచ్చింది" అన్న. వానకాలం అవ్వ తడికట్టెల పొయ్యి ఊదుకుంట కాసిన చాయల గదే వాసన ఉంటుండె. కుంకుమపువ్వు, ఇలాచీ కలిపింది ఒక్కటే నా పానానికి హాయిగనిపిచ్చింది.

పచ్చ ఆకును కాగే నీళ్ళల్ల జరసేపు ఎక్కువ ఉంచితే చేదెక్కుతది. ఓనాడు మరిచిపోయి అట్లనే పోసిస్తే, ఒకామె నా ముఖం మీద ఉమ్మినంత పని చేసింది. నవ్వి ఇంకో కప్పు పోసిన. గీడ నవ్వుడు గూడ కొలువే. ఇన్ని రకాలు తాగి రూముకు పోయి పచ్చిపులుసు అన్నం తింటే ఉప్పు తెలుస్తలేదు.

గట్ల ఉండంగ నువ్వు ఫోన్ చేసి ఎంత ప్రేమగ మాట్లాడినవ్! "చెల్లె, మీ దుకాణంల మంచి చాయపత్తి డబ్బాలు పంపు. కావలసినోళ్ళకు ఇయ్యాలె. మూత తీస్తే ఇల్లంత ఘుమఘుమలాడాలె" అన్నవ్. ఎవలకని నేను అడగలే. మా అన్న నన్ను నోరు తెరిచి ఒకటి అడిగిండని మురిసిన. తీరిక దొరికినప్పుడల్ల ఒక్కో సీస మూత తీసి వాసన చూసి, కొంచెం కాచి తాగి, పాలల్ల ఏది నిలుస్తది, మనోళ్ళ నోటికి ఏది పడ్తది అని ఎంచిన. "కొనేటోళ్ళు గూడ ఇంత చూడరు, ఎవరికి?" అని మాయ నవ్వింది. "మా అన్నకు" అన్న. ఎర్ర డబ్బాలల్ల నింపి నా పెట్టెల భద్రంగ పెట్టుకున్న.

తెల్లారి దుకాణంల కప్పులు సదురుతుంటే శ్రావణి ఫోన్ చేసింది. ఏడుస్తున్నది నా బిడ్డ.

"అమ్మా, నీకు గూడ నా చదువు అక్కరలేదా?"

"ఏందే, ఏమైంది?"

"ఆదిలాబాద్ పిలగానికి నన్ను ఇస్తున్నరట గద. వచ్చే వారమే పూలుపండ్లు పెట్టి ఖాయం చేస్తరట. నువ్వు ఒప్పుకున్నవని మామ అందరికి చెప్తుండు. పిలగాని ఇంటోళ్ళకు చాయ డబ్బాలు నువ్వే పంపుతున్నవట. ఒప్పుకోకుంటే ఎందుకు పంపుతది అన్నడు."

నేను కేక వెయ్యలే. ఎదురుంగ ఒకాయన కప్పు కోసం చెయ్యి చాపి నిలవడ్డడు. ఆయనకు పోసిచ్చి, సామాన్ల గదిలకు పోయి నీకు ఫోన్ చేసిన.

నువ్వేమన్నవో యాదున్నదా? "నర్సు చదివి ఏం చేస్తది? పత్తి యాపారం చేసే ఇల్లు, పిల్ల సుఖపడ్తది. నువ్వు గాడ కూసుండి ఏం చూస్తవ్? పెంచింది నేను" అన్నవ్.

పెంచినవ్ అన్నా. శ్రావణి నాయిన పోయినంక మమ్ములను ఇంట్లకు తీసుకున్నవ్. పిల్లకు జరమొస్తే భుజాన ఏసుకొని దవాఖానకు ఉరికినవ్. నేను మరువ. గని పెంచిన అని చెప్పి పిల్ల నోరు మూస్తవా? నేను నేల తుడిచింది, గీ చేదు నీళ్ళు తాగుతున్నది దాని చదువు కోసం. "నా పేరు మీద అబద్ధం ఎందుకు చెప్పినవ్?" అని అడిగితే ఫోన్ కట్ చేసినవ్.

అందుకే పిలగాని తల్లికి నేనే ఫోన్ చేసిన. నంబర్ శ్రావణి సంపాయించి ఇచ్చింది. ఆమె నేను చెప్పేదంత విన్నది. ఆమె మాట సగం మరాఠి, సగం తెలుగు. "మీరు మస్తు ఖుషీగ ఉన్నరని మీ అన్న చెప్పిండు తాయీ" అని అక్క వరస పెట్టి అన్నది. "తల్లికి తెల్వకుండ, పిల్లను ఏడిపిచ్చి చేసుకునే సంబంధం మాకు వద్దు" అన్నది. ఆమె ముఖం నేను ఎన్నడు చూడలే. ఎవరో ఏమో, ఆమె ఇచ్చిన మర్యాద నా ఇంటోళ్ళు ఇయ్యకపాయిరని ఆ రోజంత నా కడుపు మండింది.

ఇప్పుడు నేను నీ పరువు తీసిన అంటున్నవట. "దేశం పోయి పొగరు నేర్చింది" అని అవ్వ గూడ అన్నదట. అననియ్యి. ఆ డబ్బాలు విప్పి రూముల ఆడోళ్ళకు పంచిన. పాలు పోసి కాచుకొని, మస్తున్నదన్నరు. నాకు తాగబుద్ధి కాలే.

శ్రావణికి కరీంనగర్‌ల నర్సింగ్ సీటు వచ్చింది గదా, ఫీజు నేను కట్టిన, హాస్టల్ గూడ మాట్లాడిన. గీ ఉత్తరం అందిన తెల్లారే, సోమవారం, అది పోయి చేరాలె. కోపం ఉంటే నా మీద చూపియ్యి, దాని మీద చెయ్యెత్తకు. సర్టిఫికెట్లు వదినె బీరువల ఉన్నయి, ఇప్పియ్యి. పొద్దుగాల దాన్ని పెద్దపల్లి బస్సెక్కియ్యి. అక్కడ దిగి కరీంనగర్ బస్సు ఎట్ల పట్టాల్నో దానికి ఎరుకే. నువ్వు రాకున్నా అది పోతది. గని పెట్టె మోసుకుంట నువ్వు ముందు నడవాలె, అది నీ ఎనుక రావాలె అని నాకున్నది. నా మీద పగ దాని మీద తీర్చుకోకు.

అవ్వకు, వదినెకు నా దండాలు చెప్పు. నాకు దీవెనలు అడుగుతలేను. మీ దగ్గర ఉన్నవన్ని ఆ పిల్ల నెత్తి మీద పెట్టున్రి.

ఇంకా నీ చెల్లెనే,
సుజాత