సంఘం ముందు చెప్పమనండి

వృద్ధాశ్రమం మేడమ్ గారికి,

రావులపాలెంలో కొడుకు ఇంట్లో ఉంటున్న గెడ్డం కరుణమ్మ, డెబ్బై ఏళ్ల మనిషి, చెప్పి రాయిస్తున్న ఉత్తరం.

మొన్న మీరు నన్ను చూడ్డానికొచ్చినప్పుడు, "ఈ మామ్మగారికి ఎవరూ లేరండి, జాలిపడి మా ఇంట్లో ఉంచుకున్నామండి" అన్న సత్యానందం మాస్టారు నా కడుపున పుట్టినవాడే. మీరు దిక్కులేనివాళ్లనే చేర్చుకుంటారట, అందుకని ఆ మాట. కోడలు "కాఫీ తీసుకోండి మామ్మగారూ" అంది. అది నన్ను 'అండి' అన్నది ఆ రోజే.

మీ దగ్గరికి రావడం నాకూ ఇష్టమే. కానీ కొడుకు లేనిదానిగా రాను. మీ రూలు అదే అయితే, ఆదివారం మా యేసయ్య గుడిలో సంఘం ముందు నిలబడి "ఈమె నా తల్లి కాదు" అని వాణ్ణి చెప్పమనండి. ఆ పూటే మూట సర్దుకుని వస్తాను.

కరుణమ్మ వేలిముద్ర
సాక్షులు: పక్కింటి సంపూర్ణమ్మ, రాసిపెట్టిన వీరాస్వామి