పెద్దబాపు మిగిల్చిన సూదిమందు

హనుమకొండ

బాపుకు నమస్కారాలు. పెద్దబాపు పోయినప్పటి నుంచి ముద్ద ముట్టని పెద్దమ్మ నిన్న కాస్త అన్నం తిన్నది, ఫికరు పడకండి.

పెద్దబాపు క్షయకు తెచ్చిన సూదిమందు సీసాలు కొన్ని మిగిలాయి. మన పనిమనిషి పూలమ్మ కూతురిదీ అదే జబ్బు. మందు చెడిపోలేదు, తానే వేస్తానన్నాడు డాక్టరు. పూలమ్మ మాత్రం, "సావుకారి పానం నిలవెట్టని మందు నా పిల్లను నిలవెడ్తదా, బిడ్డా?" అన్నది. బజారులో కొన్నామని చెప్పి ఇవ్వమంటున్నది పెద్దమ్మ. అబద్ధం చెప్పనా, మందు పారబోయనా? పిల్ల రోజురోజుకూ చిక్కిపోతున్నది.

అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? నా ఉన్ని శాలువా పంపండి.

పోయినేడు నా టైఫాయిడుకు మీరు తెచ్చిన సగం సీసా మందు ఎవరింట్లో మిగిలిందో, వాళ్లు బతికారో లేదో ఇన్నాళ్లూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వెంటనే రాయండి.

అమ్మకు దండాలు.

మీ వసుంధర