అమ్మ నీళ్లు పెట్టిన అల్లం

అమ్మా, నా రాత కోడి కెలికినట్లుంటుంది, తప్పులుంటే ఏమనుకోకు. మేము బాగున్నాము.

ఆయన వైర్ల పిచ్చి నీకు తెలుసు కదా. ఫోను చేస్తే బోరు మోటారు నడిచేలా ఒక డబ్బా తయారుచేసి, పాడైన నా ఫోనులోని సిమ్ము అందులో వేశారు. ఎవరూ ముట్టకుండానే మోటారు నడిచి అల్లం మడి బురదయింది. దుంప కుళ్లుతుందని మా అత్తకు భయం. "దయ్యం పట్టింది దీనికి, పారెయ్ రా!" అని అరిచింది. ఆయన దిగులుగా డబ్బా విప్పుతుంటే నాకు తట్టింది. నువ్వు పొద్దున, సాయంత్రం ఇచ్చే మిస్డ్ కాల్! చెవిలో చెబితే ఒకటే నవ్వారు. కాలువ తీసి నీళ్లు వదిలాము, అల్లం బతికింది. ఇప్పుడు డబ్బా రెండు నంబర్లకే పలుకుతుంది. "నేను డ్యూటీల మరిచిపోతే మీ అమ్మనే నీళ్లు పెడ్తది తియ్" అని నీ నంబరు కూడా ఉంచారు.

ఇక పొద్దున ఒక్కసారే చెయ్యి, సాయంత్రం వద్దు. చెల్లి కావ్యకు దగ్గు తగ్గిందా? జొన్న పేలాలు పంపు. నాన్నకు దండాలు.

చదివి పొయ్యిలో పెట్టు. తన చేనుకు వియ్యపురాలు నీళ్లు పెడుతోందని మా అత్తకు తెలియకూడదు.

నీ నీలాంబిక