పేరు రాయని గుండం

సాలూరు లారీ స్టాండు వెనక వీధి కాపురస్తుడు, రౌతు ఎర్రన్న అను నేను, వయస్సు డెబ్భై ఆరు, వృత్తి లారీ సీట్లు కుట్టడం, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో, నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా. తెలివికి రుజువు కావలసినవారికి: ఈ ఉదయం కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించాను. మూడోసారికి ఎక్కింది. నేను పుట్టినప్పుడు ఈ ఊరు విశాఖపట్నం జిల్లా. తర్వాత శ్రీకాకుళం, ఆ తర్వాత విజయనగరం, ఇప్పుడు పార్వతీపురం మన్యం. ఇల్లు కదలకుండా నాలుగు జిల్లాలు తిరిగినవాణ్ణి. ఏ ఆఫీసులో పెట్టినా ఈ కాగితం చెల్లాలి.

1. కొట్టు, అందులోని రెండు కుట్టుమిషన్లు, కొబ్బరిపీచు గోనెలు, రెక్సిన్ చుట్టలు నా కుమారుడు త్రినాథ్ సర్వహక్కులతో అనుభవించవలసినది. షరతు ఒక్కటే. పాత సీటు విప్పినప్పుడు లోపల ఏముందో చూడకుండా చెత్తలో పారేయరాదు.

ఈ షరతుకి కారణం ఉంది. 1981లో ఒక లారీ సీటు విప్పితే, ఎత్తు కోసం కుక్కిన కాగితాల్లో ఒక అమెరికా పుస్తకం దొరికింది. అట్ట లేదు, రంగుల బొమ్మలున్నాయి. రొమ్ముదాకా రబ్బరు లాగుల్లో మనుషులు చల్లటి ఏట్లో నిలబడి, ట్రౌట్ అనే చుక్కల చేపని గాలంతో పడుతున్నారు. ఎర మాత్రం వానపాము కాదు. ఏ రుతువులో ఏ పురుగు నీళ్ళ మీద లేస్తుందో ఏళ్ళ తరబడి చూసి, అచ్చం అలాంటి పురుగుని కోడీకలతో, దారంతో కట్టి నీటి మీద వాలుస్తారు. నా చదువు ఐదో తరగతి దాకానే. నిఘంటువు కొనుక్కుని ఆ పుస్తకం పూర్తి చేసేసరికి రెండేళ్ళు పట్టింది. ఆ పడమటి నదుల పేర్లు ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఒక్కటీ చూడలేదు, ఇక చూడను. కొన్నిటి మీద ఆశ తీరకపోయినా మనిషికి నష్టం లేదు.

2. సదరు పుస్తకం, దానితో పాటు నేను నలభై ఏళ్ళుగా రాసిన పురుగుల నోటుబుక్కు నా కుమార్తె రేఖకి చెందవలసినవి. మనకి ట్రౌట్ లేదు గానీ వేగావతి ఏరు ఉంది. మృగశిర కార్తెలో తొలివాన పడి, ఎండ కాసి, మళ్ళీ మబ్బేస్తే పుట్టల్లోంచి రెక్కల ఉసుళ్ళు లేస్తాయి. జనం వేయించుకు తినడానికి పళ్ళేలు పట్టుకు పరిగెడతారు. చేపలు నోళ్ళు తెరుచుకు పైకొస్తాయి. ఆరుద్రలో తూనీగలు. వరి పొట్ట మీదున్నప్పుడు గట్ల మీంచి జారిపడే మిడతలు. తేదీలన్నీ అందులో ఉన్నాయి. 2006 తర్వాతి పేజీల్లో తేదీలు మాత్రమే ఉంటాయి, చేపలు ఉండవు. ఎందుకో ఐదో అంశంలో రాశాను.

3. పక్క కొట్టు ధర్మేంద్ర 2009లో ఒక్క పూటకని పట్టుకెళ్ళిన పెద్ద కత్తెరను ఇందుమూలంగా అతనికే రాసి ఇస్తున్నాను. అతను నా తర్వాత దొంగగా మిగలకూడదు.

4. నా భార్య, కీర్తిశేషురాలు సుభద్రమ్మ చేతులతో కట్టిన ఈకపురుగులు నూటపదకొండు, పౌడరు డబ్బాలో ఉన్నాయి. ఇవి కూడా రేఖకే. నేను కడితే పురుగులు తాగి పడిపోయినట్టుండేవి. రెక్కలకి ఏం వాడినా నీటికి మెత్తబడేది. చివరికి కొత్త చీర మీది పల్చటి కవరు కత్తిరించి సుభద్రమ్మే దారి కనిపెట్టింది. అప్పట్నుంచి ఏటా రోహిణి కార్తె వెళ్ళకుండా ఒక చీర కొనవలసి వచ్చింది. అది రెక్కల కోసం అడిగేదో, చీర కోసం అడిగేదో నేను తేల్చుకోలేదు. నాలుగేళ్ళ కిందట కొన్న ఆకుపచ్చ చీర కవరు విప్పకుండానే అది వెళ్ళిపోయింది. ఆ చీర రేఖ కట్టుకోవాలి. కవరు పారేయకూడదు.

5. నా భార్యకి అన్న, నాకు బావ, లెంక గంగులుకి ఈ వీలునామాలో ఏమీ రాయడం లేదు. కోపం వల్ల కాదు. కారణం చివర ఉంది.

మా ఇద్దరికీ వేగావతిలో ఒక గుండం, నీళ్ళు లోతుగా నిలిచే మడుగు, ఉండేది. గంగులు తాతల నాటి చోటు. చెల్లెల్ని ఇచ్చాడు కనక నాకు చూపించాడు. అక్కడ పద్ధతి ఒకటే. ఎర్రటి చేపపిల్లలు బంతిలా గుమిగూడి తేలుతుంటే గాలం వేయకూడదు, కింద తల్లి కొర్రమీను కాపలా ఉంటుంది. నా ఈకపురుగుల్ని చూసి బావ, "కోడీకలు సూపించి సేపనే మోసం సేసినోడివి, ఎలచ్చన్లో నిలబడు బావా" అనేవాడు. అంటూనే నాలుగు జేబులో వేసుకునేవాడు.

2006 మృగశిరలో ఈకపురుగుకి చేయంత కొర్రమీను పడింది. మర్నాడు సీటు కోసం కూర్చున్న డ్రైవరుకి ఆ కథ చెప్పాను. చేతులు ఊపుతూ చెప్పాను. కథన్నాక చోటు చెప్పకపోతే రుచుండదని గుండం పేరు, మలుపు, నిలబడవలసిన రాయితో సహా చెప్పాను. వారం తిరక్కుండా ఎవరో చేపల కోసం ఎగువన బ్లీచింగ్ పౌడరు బస్తాలు కుమ్మరించారు. మేం వెళ్ళేసరికి గుండమంతా తెల్లటి పొట్టలు. పిల్లల బంతి కూడా.

"బావా, ఈ సోటు ఎవులికైనా సెప్పినావేటి?" అని అడిగాడు గంగులు.

"నా నోట్లోంచి వస్తాదేటి?" అన్నాను.

అతను చచ్చిన చేపల్ని బుట్టకెత్తి ఒడ్డున పూడ్చాడు. మరెప్పుడూ ఏటికి రమ్మని నన్ను పిలవలేదు. మా ఇళ్ళ మధ్య రెండు వీధులే. పెళ్ళిళ్ళలో ఎదురైతే "తిన్నావా" అంటాడు, "తిన్నాను" అంటాను. పంతొమ్మిదేళ్ళుగా తొలివాన వాసన రాగానే నా చెవులు వీధి చివరే ఉంటాయి. సుభద్రమ్మ మంచం మీద ఉండగా, "మా అన్నకి ఆ మాట సెప్పెయ్యరాదా" అంది. రేపు చెబుతానన్నాను. దానికి రేపు లేకపోయింది.

ఆ మాట ఇప్పుడు చెబుతున్నాను. చెప్పింది నేనే.

6. పోయిన ఏడాది కర్ర ఊతంగా ఆ గుండానికి ఒక్కణ్ణే వెళ్ళాను. అక్కడ ఏం చూశానో ఇక్కడ రాయను. గుండం పేరు అందుకే ఎక్కడా రాయలేదు. ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. నన్నెరిగినవారికి అదెంత కష్టమో తెలుసు. ఒక్క మనిషికి చెబుతాను, అదీ నోటితో.

7. అరుగు మీది రెండు వెదురు గాలపు కర్రలు, నాదీ బావదీ, విడదీసి పంచరాదు. ఏటికి వెళితే రెండూ కలిసే వెళ్ళాలి.

8. ఆస్తి పొందేవాడు సాక్షి సంతకం పెడితే చిక్కు వస్తుందని దస్తావేజు లేఖరి యుగంధర్ చెప్పాడు. సాక్షి నా ఎదట ఉండి సంతకం పెట్టాలని కూడా చెప్పాడు. ఆ రెండో మాట విన్నాకే గంగులు వాటా కొట్టేశాను. బావని పిలవడానికి త్రినాథ్‌ని పంపాను. బావ వస్తే ఎదురింటి నరసింగరావు ఇదంతా చదివి వినిపిస్తాడు. ఐదో అంశం వచ్చినప్పుడు నేను గోడ వైపు చూస్తూ ఉంటాను. రాకపోతే రెండో సాక్షి చోట ఇంకెవరి చేతా సంతకం పెట్టించవద్దు. వీలునామా చెల్లకపోతే చెల్లకపోనీ.

2025 జూన్ 12, మృగశిర కార్తె, సాలూరు.

(సంతకం) రౌతు ఎర్రన్న

సాక్షులు:

1. బోను నరసింగరావు, ఎదురింటి కాపురస్తుడు. మొత్తం చదివి వినిపించాను.

2. లెంక గంగులు. ఇన్నాను. ఆ డ్రైవరు ఆ వారమే నాకు సెప్పీసినాడు. బావ నోట ఇందామని ఆగినాను. కర్రలు రెండూ తీసినాను. మబ్బేసింది, బేగి లెగు బావా.