గంజి వదిలిన చీర

పద్మా,

నీ కూతురికి నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకు నీ పాత చీరల ముక్కలతో బొంత కుడుతున్నాను. అడుగు గుడ్డకు మాత్రం అతుకు ఉండకూడదు, బిడ్డ వీపుకు ఒత్తుకుంటుంది. నీ నూలు చీరల్లో చిరగనిది ఒక్కటే మిగిలింది. మర్నాడు బడిలో పాఠం చెప్పడానికి కట్టుకుపోతావని నేను గంజి పెట్టి మడిచింది. ఆ మర్నాటికి నువ్వు లేవు.

"కొత్త గుడ్డ తెద్దాంలే అవ్వా. అమ్మ చీర అట్లే ఉండనీ," అంది నీ కూతురు.

"కొత్తది గరుకుగా ఉంటాది మే. నీకేం తెలుసు, కూర్చో."

కొళాయి నాలుగు రోజులకోసారి వచ్చే ఊళ్ళో, మూడు నీళ్ళు పోసి గంజి వదిలించేసరికి నడుము పడిపోయింది. ఆరాక కొలిచి గీత గీశాను. కత్తెర గీత మీద పెట్టి, రెండుసార్లు వెనక్కి తీసేశాను. నీ కూతురే తీసుకుని కత్తిరించింది. కోత వంకర పోయింది. ఆ వంకర అంచునే లోపలికి మడిచి కుట్టడం మొదలుపెట్టాను.